వెబ్ రిక్వెస్టుల్లో బూలియన్ విలువలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అవును, కాదు అన్న రెండే జవాబులున్న విలువను, అంటే బూలియన్‌ను, బ్రౌజర్ నుంచి సర్వర్‌కు చేర్చడంలో ఇంత తికమక ఎందుకుండాలని ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారు అడుగుతుంటారు. ఏళ్ల అనుభవం ఉన్నవారు సైతం భాషో ఫ్రేమ్‌వర్కో మారినప్పుడల్లా ఇదే చోట తడబడుతుంటారు. కోడ్ సమీక్షల్లో పదేపదే ఒకే జవాబు రాయవలసి వస్తున్నందున, ఆ సందేహాలను పని జరిగే క్రమంలో ఇక్కడ చేర్చాను. ఏ ప్రశ్ననైనా విడిగా చదువుకోవచ్చు. "ట్రూ", "ఫాల్స్", "ఆన్" వంటి మాటలు కొటేషన్లలో ఉన్నచోట అవి ఆంగ్ల అక్షరాలలో ప్రయాణించే స్ట్రింగులని, కొటేషన్లు లేనిచోట ప్రోగ్రామింగ్ భాషలోని బూలియన్ విలువలని గ్రహించాలి.

## మొదట తేల్చుకోవలసినవి

"ఫాల్స్" అని పంపినా సర్వర్ దాన్ని ట్రూగానే తీసుకుంటోంది. ఎందుకు?

యూఆర్‌ఎల్‌లో ప్రశ్నార్థకం తరువాత వచ్చే భాగమైనా (క్వెరీ స్ట్రింగు), ఫారం సమర్పించినప్పుడు వెళ్లే బాడీ అయినా సర్వర్‌కు చేరేది అక్షరాల వరుస మాత్రమే. సంఖ్య, తేదీ, బూలియన్ అనే రకాలేవీ అందులో ఉండవు. కాబట్టి "ఫాల్స్" అన్నది అక్కడికి ఐదు అక్షరాల స్ట్రింగుగానే చేరుతుంది. జావాస్క్రిప్టులోని బూలియన్ ఫంక్షనుకు గాని, పైథాన్‌లోని బూల్ ఫంక్షనుకు గాని ఆ స్ట్రింగును ఇస్తే ట్రూ వస్తుంది, ఎందుకంటే ఆ ఫంక్షన్లు చూసేది స్ట్రింగు ఖాళీగా ఉందా లేదా అన్నదే తప్ప అందులో రాసిన మాటకు అర్థమేమిటన్నది కాదు. పీహెచ్‌పీలో దీనికి ఇంకొక మెలిక ఉంది: అక్కడ "0" అన్న స్ట్రింగు ఫాల్స్ అవుతుంది, "ఫాల్స్" అన్న స్ట్రింగు మాత్రం ట్రూ అవుతుంది. రూబీలో సున్నా అనే సంఖ్య కూడా ట్రూ కిందే లెక్క. రిక్వెస్టు నుంచి వచ్చినదాన్ని ఇలా రకం మార్చి వాడుకోవడం ఎప్పుడూ తప్పే. అందులో ఏ మాట ఉందో పోల్చి చూసి, ఆ మాటకు మనం ఇచ్చిన అర్థాన్ని తీసుకోవాలి.

బూలియన్ అంటే రెండే స్థితులు కదా, ఇంత ఆలోచన ఎందుకు?

ప్రోగ్రాం లోపల రెండే. రిక్వెస్టులో మాత్రం కనీసం ఐదు. పారామీటర్ (పేరు, విలువల జంట) అసలు రాకపోవచ్చు. పేరు వచ్చి, విలువ ఖాళీగా ఉండవచ్చు. మనం ఒప్పుకున్న విలువల్లో ఒకటి రావచ్చు. టైపు చేసేటప్పుడు అక్షరాలు తారుమారై మనకు అర్థం కానిదేదో రావచ్చు. ఒకే పేరు రెండుసార్లు, రెండు వేర్వేరు విలువలతో కూడా రావచ్చు. ఈ ఐదింటిలో ఒక్కొక్కదానికి ఏం జరగాలో కోడ్ రాసేవారు ముందుగా నిర్ణయించకపోతే, ఆ నిర్ణయాన్ని భాషో లైబ్రరీయో తనకు తోచినట్టు తీసుకుంటుంది.

నేను చూసిన బూలియన్ తప్పుల్లో అత్యధికం "రాలేదు" అన్నదాన్ని, "కాదని చెప్పారు" అన్నదాన్ని ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చినవే. ఒక వినియోగదారు ఎస్ఎంఎస్ సందేశాలు వద్దని స్పష్టంగా చెప్పడం ఒకటి, ఆ ప్రశ్న ఆయన ముందుకు అసలు రాకపోవడం వేరొకటి. డేటాబేసులో రెండూ ఫాల్స్‌గానే నమోదైతే తరువాత ఎవరూ వాటిని విడదీయలేరు.

జేసన్‌లో పంపితే ఈ సమస్యలేవీ ఉండవు కదా?

చాలా వరకు ఉండవు. జేసన్ అనేది ప్రోగ్రాములు డేటాను ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే పాఠ్య రూపం. ప్రస్తుత జేసన్ ప్రమాణమైన 2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8259 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ట్రూ, ఫాల్స్, నల్ (విలువ లేదని తెలిపేది) అనేవి చిన్న అక్షరాలలో, కొటేషన్లు లేకుండా రాసే సొంత విలువలు. వాటికి స్ట్రింగుతో సంబంధం లేదు. అయితే పంపేవారు పొరపాటున కొటేషన్లలో పెడితే అది మళ్లీ స్ట్రింగు అయిపోతుంది. కొన్ని లైబ్రరీలు దాన్ని తిరస్కరిస్తాయి, కొన్ని ఏమీ అనకుండా మార్చేసుకుంటాయి. పైగా వెతకడం, వడపోయడం వంటి పనులకు గెట్ రిక్వెస్టులే (వివరాలన్నీ యూఆర్‌ఎల్‌లోనే వెళ్లేవి) వాడతాం కాబట్టి క్వెరీ స్ట్రింగు నుంచి తప్పించుకోలేం.

"ట్రూ", "1", "యెస్", "ఆన్": వీటిలో ఏది పంపడం మంచిది?

చిన్న అక్షరాలలో "ట్రూ", "ఫాల్స్" పంపండి. జేసన్‌లో కూడా అదే రూపం ఉన్నందున ఒకే ఎపిఐలో (ఇతర ప్రోగ్రాములు పిలవడానికి సర్వర్ ఇచ్చే ద్వారంలో) రెండు అలవాట్లు ఉండవు, లాగుల్లో (సర్వర్ రాసుకునే నమోదుల్లో) చదివినప్పుడు అర్థం తేటగా ఉంటుంది, ప్రధాన భాషల పార్సర్లన్నీ (స్ట్రింగును చదివి విలువగా మార్చే ఫంక్షన్లు) ఆ రెంటినీ గుర్తిస్తాయి. "1", "0" లను జావా ప్రామాణిక పార్సర్, డాట్‌నెట్ ప్రామాణిక పార్సర్ గుర్తించవు.

పంపే వైపు ఒక జాగ్రత్త అవసరం. పైథాన్‌లోను, సీ షార్ప్‌లోను బూలియన్‌ను నేరుగా స్ట్రింగుగా మారిస్తే మొదటి అక్షరం పెద్దదిగా వస్తుంది. పీహెచ్‌పీలో క్వెరీ స్ట్రింగును తయారుచేసే ప్రామాణిక ఫంక్షను ట్రూను "1"గా, ఫాల్స్‌ను "0"గా రాస్తుంది. కాబట్టి క్లయింటు ఏ భాషలో ఉన్నా, విలువను మన చేతులతో నిర్దిష్ట రూపంలోకి మార్చి పంపడం మేలు.

హెచ్‌టీటీపీ హెడర్లలో ప్రశ్నార్థకం, దాని పక్కన 1 కనిపిస్తోంది. అది కూడా బూలియనేనా?

అవును. రిక్వెస్టుతోను, జవాబుతోను పాటు వెళ్లే సమాచార వరుసలైన హెడర్ల విలువలకు ఒక క్రమబద్ధమైన వ్యాకరణాన్ని 2021లో ఆర్‌ఎఫ్‌సీ 8941 నిర్దేశించింది; 2024లో దాని స్థానంలో ఆర్‌ఎఫ్‌సీ 9651 వచ్చింది. అందులో ట్రూను ప్రశ్నార్థకం తరువాత 1గా, ఫాల్స్‌ను ప్రశ్నార్థకం తరువాత 0గా రాస్తారు. క్రోమ్ బ్రౌజర్ తాను మొబైల్‌లో ఉన్నదీ లేనిదీ సర్వర్‌కు తెలిపే హెడర్‌లో ఈ రూపమే వాడుతుంది. ఇది హెడర్లకు మాత్రమే వర్తిస్తుంది. క్వెరీ పారామీటర్లలోకి దీన్ని తెచ్చుకోవద్దు, ఎందుకంటే అక్కడ ప్రశ్నార్థకానికి వేరే పని ఉంది.

## బ్రౌజర్ నుంచి పంపేటప్పుడు

చెక్‌బాక్స్‌లో టిక్ తీసేసి ఫారం సమర్పిస్తే సర్వర్‌కు ఏమీ రావడం లేదు. బ్రౌజర్‌లో లోపమా?

లోపం కాదు, హెచ్‌టీఎంఎల్ నియమమే అది. టిక్ ఉన్న చెక్‌బాక్స్ పేరు, విలువ మాత్రమే ఫారంతో పాటు వెళ్తాయి. టిక్ లేనిది అసలు ఆ ఫారంలో లేనట్టే బ్రౌజర్ ప్రవర్తిస్తుంది. డిసేబుల్ చేసిన చెక్‌బాక్స్ కూడా, టిక్ ఉన్నప్పటికీ, వెళ్లదు. ఆ ఫారం పూర్తిగా మన అదుపులో ఉండి, అందులో ఆ చెక్‌బాక్స్ తప్పక ఉందని తెలిస్తే, పారామీటర్ రాకపోవడాన్ని ఫాల్స్‌గా తీసుకోవచ్చు. అదే సర్వర్ కోడ్‌ను మొబైల్ యాప్ కూడా పిలుస్తుంటే, లేదా అదే రికార్డును మార్చే ఇంకొక ఫారంలో ఆ చెక్‌బాక్స్ లేకపోతే, ఆ లెక్క తప్పుతుంది. చిరునామా మార్చుకోవడానికి వచ్చిన వినియోగదారు సందేశాల ఎంపికలన్నీ ఆయనకు తెలియకుండానే ఫాల్స్ అయిపోవడానికి సాధారణంగా ఇదే కారణం.

ఫారంలో హిడెన్ ఫీల్డ్ పెట్టమంటున్నారు. అది ఎలా పనిచేస్తుంది?

చెక్‌బాక్స్‌కు ఉన్న పేరుతోనే, ఫాల్స్‌ను సూచించే విలువతో, కనిపించని ఒక ఫీల్డును ఫారంలో చేరుస్తారు. టిక్ లేకపోతే అది ఒక్కటే వెళ్తుంది. టిక్ ఉంటే రెండూ వెళ్తాయి. రెండు వచ్చినప్పుడు సర్వర్ దేన్ని తీసుకుంటుందన్నదే ఇక్కడ కీలకం. రైల్స్ చెక్‌బాక్స్ హెల్పర్ "0" విలువగల హిడెన్ ఫీల్డును చెక్‌బాక్స్‌కు ముందు పెడుతుంది, ఎందుకంటే అక్కడ చివరి విలువకే చెల్లుబాటు. ఏఎస్‌పీ డాట్‌నెట్ ఎంవీసీలో హిడెన్ ఫీల్డు చెక్‌బాక్స్ తరువాత వస్తుంది, ఎందుకంటే అక్కడ మొదటి విలువనే తీసుకుంటారు. ఒక ఫ్రేమ్‌వర్క్‌లోని హెచ్‌టీఎంఎల్‌ను యథాతథంగా మరొకదానిలోకి తెచ్చిపెడితే టిక్ పెట్టినా ఫాల్స్ నమోదవుతుంది. ఆ వరుస ఎందుకలా ఉందో పక్కనే ఒక వ్యాఖ్యగా రాసి ఉంచడం తరువాత వచ్చేవారికి మేలు చేస్తుంది.

టిక్ పెడితే "ట్రూ" బదులు "ఆన్" అని వస్తోంది. ఎక్కడి నుంచి?

చెక్‌బాక్స్‌కు వాల్యూ యాట్రిబ్యూట్ ఇవ్వకపోతే బ్రౌజర్ "ఆన్" అనే పదాన్ని పంపుతుంది. వాల్యూగా "ట్రూ" అని రాస్తే సరిపోతుంది.

డిసేబుల్డ్ యాట్రిబ్యూట్‌కు "ఫాల్స్" అని ఇచ్చినా బటన్ పనిచేయడం లేదు. ఏం చేయాలి?

ఆ యాట్రిబ్యూట్‌ను పూర్తిగా తీసివేయాలి. హెచ్‌టీఎంఎల్‌లో డిసేబుల్డ్, చెక్డ్, రిక్వైర్డ్ వంటివి ఉనికిని బట్టి పనిచేసే యాట్రిబ్యూట్లు. పేరు ఉంటే చాలు ట్రూ, దాని విలువగా ఏం రాసినా పట్టింపు లేదు. టెంప్లేటులో నిబంధన పెట్టి, అవసరమైనప్పుడే ఆ పేరు ముద్రితమయ్యేలా చూడాలి.

జావాస్క్రిప్ట్ నుంచి పంపినప్పుడు విలువగా "అన్‌డిఫైన్డ్" అన్న పదం సర్వర్‌కు చేరుతోంది. ఎందుకు?

క్వెరీ స్ట్రింగును తయారుచేసే యూఆర్‌ఎల్‌సెర్చ్‌పారామ్స్ తనకిచ్చిన ప్రతి విలువనూ స్ట్రింగుగా మారుస్తుంది. ఇవ్వని విలువను వదిలేయాలన్న తెలివి దానికి లేదు. ఫలితంగా అన్‌డిఫైన్డ్, నల్ కూడా పదాలుగా మారి ప్రయాణిస్తాయి. సర్వర్‌లో ఖాళీ కాని స్ట్రింగంతా ట్రూ అనుకునే కోడ్ ఉంటే, వినియోగదారు ఎంచుకోనిది కూడా ఎంచుకున్నట్టు అవుతుంది. యాక్సియోస్ లైబ్రరీ అయితే ఈ రెంటినీ వదిలేసి మిగతావాటినే పంపుతుంది. అందుకే ఒక లైబ్రరీ తీసేసి బ్రౌజర్‌లోని ఫెచ్‌కు మారిన ప్రాజెక్టుల్లో ఈ తప్పు కొత్తగా బయటపడుతుంటుంది. పంపే ముందు విలువలేని పేర్లను వడపోసే చిన్న ఫంక్షను రాసుకోవాలి.

కర్ల్‌తో పరీక్షిస్తే మొదటి పారామీటర్ మాత్రమే వెళ్తోంది. రెండోది ఏమవుతోంది?

కర్ల్ అనేది టెర్మినల్ నుంచి రిక్వెస్టు పంపే సాధనం. అక్కడ మీరు యూఆర్‌ఎల్‌ను కొటేషన్లలో పెట్టలేదు. పారామీటర్లను విడదీసే యాంపర్‌సాండ్ (&) గుర్తుకు టెర్మినల్‌లో, అంతవరకు ఉన్న ఆదేశాన్ని నేపథ్యంలో నడపమని అర్థం. ఆ గుర్తు దగ్గర యూఆర్‌ఎల్ తెగిపోతుంది, మిగిలింది వేరే ఆదేశంగా మారిపోతుంది. "సర్వర్ ఫాల్స్‌ను గుర్తించడం లేదు" అంటూ వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి సర్వర్‌తో సంబంధమే ఉండదు, కారణం ఇదే అవుతుంది.

తెలుగు వెబ్‌సైటులో "అవును", "కాదు" అనే విలువలనే పంపవచ్చా?

తెర మీద కనిపించే మాట తెలుగులోనే ఉండాలి, అందులో రెండో ఆలోచన అక్కరలేదు. పారామీటర్ విలువగా మాత్రం "ట్రూ", "ఫాల్స్" ఉంచడం మంచిది. తెలుగు అక్షరాలు యూఆర్‌ఎల్‌లో శాతం గుర్తులతో కూడిన సంకేతాలుగా మారతాయి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింటుకు 3 బైట్లు పడతాయి కాబట్టి ఒక్కొక్కటి 9 అక్షరాల సంకేతమవుతుంది, లాగుల్లో చదవడం దుర్లభమవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, తెర మీది మాటను తరువాత ఎవరైనా "సరే", "వద్దు" అని మెరుగుపరిస్తే సర్వర్ కోడ్ పగిలిపోకూడదు. లేబుల్‌కూ విలువకూ ముడి ఉండరాదు.

## సర్వర్‌లో చదివేటప్పుడు

జావాలో పార్స్‌బూలియన్ వాడుతున్నాను. చాలదా?

చాలదు. అది "ట్రూ" అన్న పదాన్ని, అక్షరాలు పెద్దవైనా చిన్నవైనా, ట్రూగా తీసుకుంటుంది. మిగతా ప్రపంచమంతా దానికి ఫాల్స్. "యెస్", "1", తప్పు టైపు చేసిన పదం, నల్ కూడా ఎలాంటి ఎర్రర్ లేకుండా ఫాల్స్ అవుతాయి.

స్ప్రింగ్‌లో కంట్రోలర్ పారామీటర్‌ను బూలియన్‌గా ప్రకటిస్తే పరిస్థితి మెరుగ్గా ఉంటుంది: "ట్రూ", "ఆన్", "యెస్", "1" ఒక వైపు, "ఫాల్స్", "ఆఫ్", "నో", "0" మరో వైపు అంగీకరించి, మిగిలినవాటికి 400 (రిక్వెస్టు సరిగా లేదనే ఎర్రర్ కోడ్) ఇస్తుంది. అయితే పారామీటర్ తప్పనిసరి కాదని చెప్పి, రకాన్ని ప్రిమిటివ్ బూలియన్‌గా ఉంచితే, రాని విలువ ఫాల్స్ అయిపోతుంది. రాలేదన్న సంగతి తెలియాలంటే పెద్ద అక్షరంతో మొదలయ్యే ఆబ్జెక్ట్ రకాన్నే వాడాలి.

పైథాన్‌లో స్ట్రటూబూల్ దొరకడం లేదు. దాని బదులు ఏం వాడాలి?

అది డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్‌లో ఉండేది. 2023లో విడుదలైన పైథాన్ 3.12 నుంచి ఆ మాడ్యూల్‌ను తొలగించారు. దాని కోసం మరో ప్యాకేజీ తెచ్చుకోవలసిన అవసరం లేదు. అంగీకరించే పదాలకు ఒక డిక్షనరీ రాసి, విలువను చిన్న అక్షరాలలోకి మార్చి అందులో వెతికి, దొరకకపోతే ఎర్రర్ ఇచ్చే ఐదారు వరుసల ఫంక్షను చాలు. ఫ్లాస్క్‌లో పారామీటర్ తీసుకునేటప్పుడు రకంగా బూల్ ఇవ్వకుండా ఈ ఫంక్షనును ఇవ్వండి. బూల్ ఇస్తే "ఫాల్స్" కూడా ట్రూ అవుతుంది. కమాండ్ లైను కోసం వాడే ఆర్గ్‌పార్స్‌లో కూడా ఇదే ఉచ్చు ఉంది.

ఫాస్ట్ఎపిఐ వాడేవారికి ఈ పని పైడాంటిక్ చేసిపెడుతుంది, అర్థం కానిదానికి 422 అనే ఎర్రర్ కోడ్ పంపుతుంది. జాంగో ఫారంలోని బూలియన్ ఫీల్డు సంగతి వేరు: అది డిఫాల్టుగా తప్పనిసరి ఫీల్డు, తప్పనిసరి అంటే అక్కడ టిక్ పెట్టి తీరాలని అర్థం. టిక్ లేని ఫారం చెల్లదని చెప్తుంటే రిక్వైర్డ్‌ను ఫాల్స్ చేయండి.

లారావెల్‌లో బూలియన్ నియమం పెట్టాను. "ట్రూ" పంపితే చెల్లదంటోంది, ఎందుకు?

ఆ నియమం బూలియన్ విలువలను, 1, 0 సంఖ్యలను, "1", "0" స్ట్రింగులను మాత్రమే ఒప్పుకుంటుంది. "ట్రూ", "ఫాల్స్" పదాలు దాని జాబితాలో లేవు. మరోవైపు రిక్వెస్టు ఆబ్జెక్టులోని బూలియన్ పద్ధతి "ట్రూ", "1", "ఆన్", "యెస్" లను ట్రూగా తీసుకొని మిగిలిన అన్నిటికీ ఫాల్స్ ఇస్తుంది. ఒకటి మరీ బిగువు, ఒకటి మరీ వదులు. క్వెరీ స్ట్రింగుకు నేను సిఫారసు చేసేది పీహెచ్‌పీలోనే ఉన్న ఫిల్టర్‌వార్ ఫంక్షను: బూలియన్ ఫిల్టరుతో పాటు, విఫలమైతే నల్ ఇమ్మన్న ఫ్లాగును జత చేస్తే, తెలిసిన పదాలకు ట్రూ లేదా ఫాల్స్, తెలియనివాటికి నల్ వస్తుంది. ఖాళీ స్ట్రింగును మాత్రం అది ఫాల్స్‌గా తీసుకుంటుందని గుర్తుంచుకోవాలి.

రైల్స్‌లో "నో" అని వస్తే ట్రూ నమోదైంది. ఇది నిజమేనా?

నిజమే. యాక్టివ్ మోడల్‌లోని బూలియన్ రకం దగ్గర ఫాల్స్ విలువల జాబితా ఒకటుంది: "0", "ఎఫ్", "ఫాల్స్", "ఆఫ్" వంటివి అందులో ఉన్నాయి. ఖాళీ స్ట్రింగు నిల్ అవుతుంది. జాబితాలో లేని ప్రతిదీ ట్రూ. "నో" ఆ జాబితాలో లేదు.

గోలో ఫాల్స్ పంపితే "ఫీల్డు తప్పనిసరి" అనే ఎర్రర్ వస్తోంది. పంపాను కదా?

పంపారు, కాని వ్యాలిడేటర్‌కు అది తెలియడం లేదు. గో భాషలో బూల్ రకానికి ప్రారంభ విలువ ఫాల్స్. జిన్ వంటి ఫ్రేమ్‌వర్కులు వాడే వ్యాలిడేటర్‌లో రిక్వైర్డ్ ట్యాగు, విలువ ప్రారంభ విలువకు సమానమైతే రాలేదనే భావిస్తుంది. ఫీల్డును బూల్ పాయింటర్‌గా ప్రకటిస్తే, రాకపోతే నిల్, వస్తే ట్రూ లేదా ఫాల్స్ అని స్పష్టంగా తెలుస్తుంది. స్ట్రింగును మార్చడానికి గో ప్రామాణిక లైబ్రరీలోని పార్స్‌బూల్ చక్కగా ఉంటుంది: ఒక చిన్న జాబితాకు కట్టుబడి, మిగతావాటికి ఎర్రర్ ఇస్తుంది. "యెస్", "ఆన్" ఆ జాబితాలో లేవు.

ఎక్స్‌ప్రెస్‌లో "ట్రూ"తో పోల్చి చూస్తున్నాను. అప్పుడప్పుడు పోలిక విఫలమవుతోంది.

ఆ పేరు యూఆర్‌ఎల్‌లో రెండుసార్లు వచ్చి ఉంటుంది. అప్పుడు ఎక్స్‌ప్రెస్ స్ట్రింగు బదులు అర్రే (విలువల జాబితా) ఇస్తుంది, అది "ట్రూ"కు సమానం కాదు. ముందుగా అది స్ట్రింగేనా అని చూసి, కాకపోతే 400 ఇవ్వండి. జోడ్ లైబ్రరీ వాడేవారు దాని కోఎర్స్ బూలియన్‌ను క్వెరీ స్ట్రింగుకు వాడకూడదు. అది జావాస్క్రిప్ట్ బూలియన్ ఫంక్షనునే పిలుస్తుంది కాబట్టి "ఫాల్స్" ట్రూ అవుతుంది. జోడ్ 4లో ఈ అవసరానికే స్ట్రింగ్‌బూల్ అనేదాన్ని చేర్చారు.

అర్థం కాని విలువ వస్తే 400 ఇవ్వాలా, డిఫాల్టు తీసుకొని ముందుకు పోవాలా?

400 ఇవ్వాలి. ఈ విషయంలో నాకు సందేహం లేదు. నేను పనిచేసిన ఒక జట్టులో పాత రికార్డులను తొలగించే ఎపిఐ ఉండేది. ఏమేమి తొలగిపోతాయో ముందుగా చూపించి, నిజంగా తొలగించకుండా ఆగే డ్రై రన్ పారామీటర్ దానికి ఉంది. ఒక సహోద్యోగి ఎంతో జాగ్రత్తగా ఆ పారామీటర్‌ను చేర్చి, విలువగా "యెస్" అని రాశారు. సర్వర్ "ట్రూ" తప్ప మరేదీ గుర్తించదు; గుర్తించనిదాన్ని ఫాల్స్‌గా తీసుకుంది. రికార్డులు నిజంగానే తొలగిపోయాయి, బ్యాకప్ నుంచి వాటిని తెచ్చుకోవడానికి ఆ రాత్రంతా పట్టింది. ఆయన చేసినదానిలో తప్పు లేదు. అడిగినది అర్థం కాకపోయినా అర్థమైనట్టు నటించిన కోడ్‌దే తప్పు.

ఎర్రర్ సందేశంలో పారామీటర్ పేరు, అంగీకరించే విలువలు రాయండి. "డ్రై రన్ విలువ ట్రూ లేదా ఫాల్స్ మాత్రమే కావాలి" అన్న ఒక్క వాక్యం క్లయింటు రాసేవారి పనిని ఎంతో తేలిక చేస్తుంది. వచ్చిన విలువను ఆ సందేశంలో తిరిగి చూపేటట్లయితే హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్ చేయడం మరువవద్దు.

## ఎపిఐని రూపొందించేటప్పుడు

పారామీటర్ పేరు విషయంలో పాటించవలసినదేమైనా ఉందా?

పేరు సానుకూలంగా ఉండాలి. "క్యాష్ (దాచి ఉంచిన పాత జవాబు) వద్దు" అన్న అర్థంలో పేరు పెట్టి, దానికి ఫాల్స్ ఇస్తే, క్యాష్ వద్దు అనేది కాదు, అంటే కావాలి అని చదివేవారు మనసులో రెండుసార్లు తిప్పుకోవలసి వస్తుంది. "క్యాష్ వాడు" అని పేరు పెడితే ఫాల్స్‌కు అర్థం వెంటనే తెలుస్తుంది. ప్రమాదకరమైన పనికి పెట్టే పేరు ఆ పని ఏమిటో చెప్పాలి: కేవలం "ఫోర్స్" అని కాక, "తొలగించినవి కూడా చేర్చు", "యజమానిని మార్చు" అన్న తీరులో ఉంటే చదివేవారు ఆగి ఆలోచిస్తారు.

విలువ లేకుండా పేరు మాత్రమే రాస్తే ట్రూ అనుకోవచ్చా?

అనుకోవచ్చు, కాని డాక్యుమెంటేషన్‌లో చెప్పి మరీ చేయాలి. ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట సర్వర్‌లో ఫలితాన్ని చదవడానికి వీలుగా అమర్చి ఇమ్మనే ప్రెట్టీ పారామీటర్‌ను పేరు మాత్రమే రాసి వాడతారు, అది అందరికీ అలవాటైపోయింది. చేతితో యూఆర్‌ఎల్ టైపు చేసే సందర్భాల్లో ఇది హాయిగా ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, చాలా ఫ్రేమ్‌వర్కులు పేరు మాత్రమే వచ్చినదాన్ని, పేరు పక్కన సమానం గుర్తు పెట్టి విలువ ఖాళీగా వదిలినదాన్ని ఒకే ఖాళీ స్ట్రింగుగా చూపుతాయి. ఒక క్లయింటులో వేరియబుల్ ఖాళీగా ఉండిపోయి అలా వెళ్తే, దాన్ని ట్రూగా తీసుకోవడం న్యాయం కాదు. ఇతర ప్రోగ్రాములు పిలిచే ఎపిఐలో ఖాళీ విలువకు 400 ఇవ్వడమే నా ఎంపిక.

డిఫాల్టు ట్రూగా ఉండవచ్చా?

ఉండవచ్చు, ఆ ట్రూ వల్ల నష్టం లేనప్పుడు. రాని పారామీటర్ ఎప్పుడూ సురక్షితమైన వైపుకే మొగ్గాలి.

బూలియన్ బదులు పదాల జాబితా ఎప్పుడు వాడాలి?

మూడో జవాబు ఎప్పటికైనా వస్తుందని అనిపించినప్పుడు మొదటి రోజే వాడాలి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో రిఫ్రెష్ పారామీటర్ దీనికి మంచి ఉదాహరణ. మార్పు వెంటనే వెతుకులాటలో కనిపించాలా వద్దా అన్న దానికి "ట్రూ", "ఫాల్స్" ఉన్నాయి. వాటి సరసన, తదుపరి రిఫ్రెష్ జరిగేవరకు వేచి ఉండమనే మూడో విలువ కూడా ఉంది. రకం ఇక బూలియన్ కాదు, క్లయింటు లైబ్రరీలన్నీ దాన్ని స్ట్రింగుగానో, రెండు రకాల కలయికగానో ప్రకటించుకోవాలి. కుబెర్నెటీస్ ఎపిఐలో డ్రై రన్‌ను మొదటి నుంచీ బూలియన్‌గా కాక "ఆల్" అనే పదం తీసుకునే పారామీటర్‌గా రూపొందించారు. తరువాత డ్రై రన్‌లో ఇంకో రకం కావాలంటే ఒక పదం చేర్చితే చాలు, పాత క్లయింట్లకు ఏమీ కాదు. మొబైల్ యాప్‌లు ఏళ్ల తరబడి పాత వెర్షన్లలోనే నడుస్తుంటాయి కాబట్టి ఈ ముందుచూపు విలువైనది.

పాచ్ రిక్వెస్టులో (రికార్డులోని కొన్ని ఫీల్డులనే మార్చమని కోరేదానిలో) బూలియన్‌కు నల్ వస్తే ఏమని అర్థం చేసుకోవాలి?

ఆర్‌ఎఫ్‌సీ 7396 చెప్పే జేసన్ మెర్జ్ పాచ్ పద్ధతిలో, ఫీల్డు రాకపోతే దాన్ని ముట్టుకోవద్దని, నల్ వస్తే ఉన్న విలువను తీసివేయమని, ఫాల్స్ వస్తే ఫాల్స్ పెట్టమని అర్థం. ఈ మూడింటినీ వేరుగా చూపగలిగే రకం మీ భాషలో ఉందా అని ముందుగా చూసుకోవాలి. లేకపోతే వచ్చిన ఫీల్డుల పేర్ల జాబితాను విడిగా ఉంచుకోవాలి.

## వాడుకలోకి వచ్చాక

"ట్రూ", "1" రెండూ ఒప్పుకుంటే క్యాష్‌కు ఏమైనా ఇబ్బందా?

ఇబ్బందే. జవాబుల ప్రతులను వినియోగదారులకు దగ్గరలో దాచి అందించే సీడీఎన్‌లు సాధారణంగా యూఆర్‌ఎల్‌ను అక్షరాలా తీసుకొని దాన్నే క్యాష్ కీగా, అంటే దాచిన ప్రతిని గుర్తించే పేరుగా వాడతాయి. ఒకే జవాబుకు "ట్రూ", "1", పెద్ద అక్షరాల "ట్రూ" అని మూడు యూఆర్‌ఎల్‌లు ఉంటే మూడు ప్రతులు దాచుకుంటాయి, ఒకటి తొలగించినప్పుడు మిగతావి పాతబడి ఉండిపోతాయి.

దాచిన బూలియన్ పారామీటర్లతో భద్రతకు ముప్పు ఉందా?

ఉంది. ఫారంలో చూపకపోయినా, అడ్మిన్ అవునా కాదా అని సూచించే ఫీల్డు మోడల్‌లో ఉంటే, వచ్చిన పారామీటర్లన్నిటినీ ఒక్కసారిగా మోడల్‌లోకి నింపే కోడ్ ఆ ఫీల్డును కూడా నింపుతుంది. బయటివారు ఆ పేరును ఊహించి "ట్రూ" పంపితే చాలు. నింపదగిన ఫీల్డుల పేర్లను అనుమతి జాబితాగా రాయడమే దీనికి విరుగుడు.

ఇంకొక ముప్పు, ఒకే పేరు రెండుసార్లు రావడం. ముందు ఉన్న ప్రాక్సీ మొదటి విలువను పరిశీలించి, వెనుక ఉన్న అప్లికేషన్ చివరి విలువను వాడితే, పరిశీలన ఒకదానిమీద, అమలు మరోదానిమీద జరుగుతుంది. ఒక్క విలువ మాత్రమే ఉండవలసిన పారామీటర్ రెండుసార్లు వస్తే తిరస్కరించాలి.

వినియోగదారు సమ్మతిని తెలిపే చెక్‌బాక్స్‌కు ప్రత్యేక జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, సందేహానికి తావులేకుండా, స్పష్టమైన చర్య ద్వారా వ్యక్తం కావాలి. కోడ్ రాసేవారి భాషలో చెప్పాలంటే, పారామీటర్ రాకపోవడం, ఖాళీగా రావడం, అర్థం కాకపోవడం ఏ సందర్భంలోనూ ట్రూగా మారకూడదు. ముందే టిక్ పెట్టిన చెక్‌బాక్స్ చూపకూడదు. డేటాబేసులో ఒక్క బూలియన్ నిలువు వరుసకు బదులు, సమ్మతి తెలిపిన సమయాన్ని, అప్పుడు చూపిన పాఠం ఏ వెర్షనో కూడా భద్రపరచండి. ఎవరైనా "నేను ఒప్పుకోలేదు" అన్నప్పుడు ట్రూ అన్న ఒక్క మాట ఏమీ నిరూపించలేదు.

ఇప్పటికే వదులుగా నడుస్తున్న ఎపిఐని కఠినంగా మార్చడం ఎలా?

ఒక్కసారిగా మార్చవద్దు. ఎలాస్టిక్‌సెర్చ్ ఒకప్పుడు "ఆన్", "యెస్", "1" వంటి వాటిని కూడా ఒప్పుకునేది, 5.3 వెర్షన్‌లో అవి కాలం చెల్లినవని ప్రకటించి, 2017లో వచ్చిన 6.0 నుంచి "ట్రూ", "ఫాల్స్" తప్ప మిగతావాటికి ఎర్రర్ ఇచ్చింది. అదే దారి అనుసరించదగినది. మొదట ఏ క్లయింటు ఏ విలువలు పంపుతోందో లాగుల్లో లెక్కపెట్టండి. ఆ తరువాత, ప్రవర్తన మార్చకుండా, జవాబులో హెచ్చరిక హెడర్ జతచేయండి. అలా పంపేవారికి విడిగా తెలియజేసి, గడువు ఇచ్చి, అప్పుడు 400కు మారండి. ఈ లెక్క తీసినప్పుడు, ఫాల్స్ అనుకుని పంపుతున్నదాన్ని సర్వర్ ఇన్నాళ్లూ ట్రూగా తీసుకుంటున్న క్లయింట్లు బయటపడితే, వారికి మొదట కబురు చేయాలి. వారి డేటా ఇప్పటికే తప్పుగా ఉంది.

పరీక్షల్లో ఏయే విలువలు తప్పక ఉండాలి?

పారామీటర్ లేకుండా ఒకటి, పేరు మాత్రమే ఉన్నది ఒకటి, సమానం గుర్తు తరువాత ఖాళీగా ఒకటి, "ట్రూ", "ఫాల్స్", వాటి పెద్ద అక్షరాల రూపాలు, "0", "1", "నో", "నల్", "అన్‌డిఫైన్డ్", చివర ఖాళీ స్థలం ఉన్న "ట్రూ", ఒకే పేరు రెండు వేర్వేరు విలువలతో. వీటిని ఒక పట్టికగా రాసి, ప్రతి బూలియన్ పారామీటర్ మీదా అదే పట్టికను నడిపించండి. ఫంక్షనును నేరుగా పిలిచే యూనిట్ పరీక్షతో సరిపెట్టక, నిజమైన హెచ్‌టీటీపీ రిక్వెస్టుగా పంపాలి, ఎందుకంటే పైన చెప్పిన మార్పిడుల్లో సగం మన ఫంక్షను దగ్గరికి చేరకముందే ఫ్రేమ్‌వర్క్ లోపల జరిగిపోతాయి.